నెలలు నిండని బిడ్డలకు ఇచ్చే సూదిపై తిరుగుతున్న అబద్ధాలు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా మన తెలుగు కుటుంబాల వాట్సాప్ గుంపుల్లో ఒకే సందేశం తిరుగుతోంది. పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ వైరస్ వల్ల జబ్బు ముదరకుండా నెలలు నిండని పిల్లలకు ఇచ్చే సూది కొత్త టీకా అనీ, అది రోగాన్ని పెంచుతుందనీ, తల్లిపాలుంటే చాలనీ, అదంతా డబ్బున్నవారి వైద్యమనీ, డొక్కలెగరేస్తే పొట్టమీద చురకలు పెట్టిస్తే తగ్గుతుందనీ దాని సారాంశం. చదువుకున్న బంధువులు కూడా దీన్ని పంపుతూనే ఉన్నారు.

కొత్తదన్న మాట నిలవదు. పాలివిజుమాబ్ అనే ఈ సూదిమందుకు అమెరికాలో 1998లోనే అనుమతి వచ్చింది.

రోగం పెంచుతుందన్న భయానికి మాత్రం ఒక ఆధారం ఉంది. 1960లలో ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌ను టీకాగా వేస్తే పిల్లల్లో జబ్బు ముదిరింది, ఇద్దరు చనిపోయారు. కానీ అది బిడ్డ చేత వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేయించే ప్రయత్నం. ఈ సూదిలో ఉన్నది తయారైన ప్రతిరక్షకమే. 1,502 మంది పిల్లలపై జరిగిన పరీక్షలో ఆర్‌ఎస్‌వీతో ఆసుపత్రి పాలైనవారు మందు అందనివారిలో 10.6 శాతం, అందినవారిలో 4.8 శాతం. దీన్ని పెంచడం అని ఏ లెక్కన అంటారు?

తల్లిపాలు తప్పక పట్టాలి. అయితే తల్లి రక్తం నుంచి బిడ్డకు ప్రతిరక్షకాలు ఎక్కువగా అందేది చివరి నెలల్లోనే కనుక, ముందుగా పుట్టిన బిడ్డకు ఆ లోటును పాలొక్కటే తీర్చలేవు.

ఖర్చు విషయంలో సందేశం రాసినవారి మాట నిజం. నెలనెలా కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున అయిదు విడతల దాకా పాలివిజుమాబ్ ఇప్పించడం కూలి చేసుకునే ఇంటికి సాధ్యం కాదు. ఒక్క సూదితో సరిపోయే నిర్సెవిమాబ్ అనే మరో ప్రతిరక్షక మందుకు 2022లో ఐరోపాలో అనుమతి వచ్చింది. అలాంటిది గిరిజన గ్రామాల పిల్లలకు ఉచితంగా అందాలని అడగవలసిన చోట, మందే మోసమనడం ఎవరికి మేలు?

ఇక చురకల మాట. నవరంగపూర్ జిల్లాలో నెల బిడ్డ పొట్టమీద, తలమీద దాదాపు నలభై చురకలు పెట్టారన్న వార్త పత్రికల్లో చదివిన తరువాత కూడా దీన్ని వైద్యమని ముందుకు పంపడానికి చేతులెలా వచ్చాయి? వైరస్ ఉన్నది ఊపిరితిత్తుల సన్నని గొట్టాలలో. కాల్చిన ఇనుము తగిలేది చర్మానికి. ఊపిరి అందక పాలు తాగలేని పసికందుకు కాలిన పుండు, అందులో చీము, ఆపైన ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం తోడవుతాయి. ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది. డొక్కలెగరేసినా, పాలు మానేసినా, పెదవులు నీలిబారినా ఆ క్షణమే ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఈ సందేశాన్ని పంపిన పెద్దలు ఏ గుంపులో పంపారో ఆ గుంపులోనే, చురకల మాట తప్పని ఈ రోజే రాయాలి.