పులిరాజాను మరిచిపోయినావా చిన్నాయనా?

వారం రోజులుగా అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒక పాట వీడియో తిరుగుతాంది. కింద ఈ మాటలు: "పిల్లల్ని స్వలింగ సంపర్కులుగా మార్చేదానికి సర్కారు తీసిన కొత్త ప్రకటన ఇది. ఎయిడ్స్ వచ్చేదే వాళ్లవల్ల. కండోముకు కంటికి కనపడని బొక్కలుంటాయి, వైరస్ ఆగదు. ఇట్లాంటి బూతు పాటలు మన సీమ సంస్కృతిలో లేవు. పైగా ఇది నేరం." మా చిన్నాయన కూడా పంపినాడు. ఆయనకు ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

అది కొత్తదీ కాదు, మన సర్కారుదీ కాదు. 1987లో కెనడా దర్శకుడు జాన్ గ్రేసన్ తీసిన చిన్న పాట చిత్రం, పేరు 'ది ఏడీఎస్ ఎపిడెమిక్'. ఎయిడ్స్ పేరులో ఒక అక్షరం ఎగరగొట్టి ఏడీఎస్ చేసినాడు. సెక్స్ అంటే పట్టుకునే భయం అని దాని అర్థం. రోగంతో పాటు ఆ భయం కూడా అంటుకుంటోందని ఎగతాళి. ఎయిడ్స్‌కు మొదటి మందు ఏజెడ్‌టీని అమెరికా ఒప్పుకున్నది ఆ ఏడాదే. అట్లాంటి రోజుల్లో నవ్విస్తూ జాగ్రత్త చెప్పడానికి గుండె కావాల. (సగం ఎగతాళి నాకు మొదటిసారి ఎక్కలేదు, అది వేరే సంగతి.)

ఇక "వాళ్లవల్లే" అనే మాట. మన దేశంలో ఎయిడ్స్ తెచ్చే వైరస్ హెచ్ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె శిష్యురాలు నిర్మల కలిసి రక్తపరీక్షల్లో పట్టుకున్నారు. ఆ రక్తం ఇచ్చినవాళ్లు ఆడవాళ్లు. ఇప్పటికీ ఇక్కడ ఎక్కువ మందికి సోకేది ఆడా మగా కలయికలోనే. అట్లాగని మగవాళ్ల మధ్య ముప్పు లేదని నేననను, ఉంది. మలద్వార సంభోగంలో ముప్పు ఎక్కువ, అవతల ఉన్నది ఆడదైనా మగవాడైనా అంతే. ముప్పు ఉంది కాబట్టే వాళ్లకు వాళ్ల భాషలో చెప్పే పాట కావాల.

బొక్కల సంగతికి వస్తే, ఒక కండోములో నీళ్లు పోసి ముడేసి చూడండి. చుక్క కారదు. నీటి అణువు ఆ వైరస్ కంటే వందల రెట్లు చిన్నది. దాన్నే ఆపే రబ్బరు వైరస్‌ను వదులుతుందా? ఫ్యాక్టరీలో ఒక్కోదాన్ని కరెంటుతో పరీక్షిస్తారు. కొన్నింట్లో నీళ్లు నింపి, కొన్నింట్లో పగిలేదాకా గాలి కొట్టి చూస్తారు. కండోము చెడిపోతే అది ఎక్కువగా మన చేతులవల్లే: ఎండలో లారీ డ్యాష్‌బోర్డు మీద పెట్టడం, తేదీ దాటింది వాడటం, అన్నిటికంటే ముఖ్యంగా కొబ్బరినూనె రాయడం. నూనె తగిలితే రబ్బరు బలహీనపడుతుంది. నీళ్లతో చేసిన జెల్ మెడికల్ షాపులో దొరుకుతుంది. ఫార్వర్డ్ రాసినోడు ఈ ముక్క ఒక్కటి రాసుంటే ఎంత పుణ్యం!

సంస్కృతా? ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మలకు పేరున్న ఊరు. రామాయణం నడుమ నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క దిగి చేసే సరసాలకు ఊరంతా పగలబడి నవ్విందే. మొగుడూ పెళ్లాల గుట్టంతా తెర మీదే. 1968 నుంచి నిరోధ్ పేరుతో కండోములు పంచింది ఎవరు? మన సర్కారే. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ఎయిడ్స్ ప్రచారం కోసం గోడల మీద, బస్సుల వెనకాల రాసినప్పుడు మా చిన్నాయనే అందరికంటే ముందు జోకులేసినాడు. అప్పుడు ఆయన చెడిపోలేదు.

నేరం అన్నదానికి ఒక్క తేదీ చాలు: 2018 సెప్టెంబరు 6. స్వలింగ సంపర్కాన్ని నేరమన్న 377వ సెక్షన్ ఇష్టపడి కలిసిన పెద్దవాళ్లకు వర్తించదని సుప్రీంకోర్టు ఆరోజే తేల్చేసింది.

అంతా విని చిన్నాయన కాసేపు మాట్లాడలా. తర్వాత గొంతు తగ్గించి, "పరీక్ష యాడ చేస్తారప్పా?" అన్నాడు. పెద్ద సర్కారు ఆసుపత్రిలో ఉచితం, 1097కు ఫోన్ చేసినా చెప్తారు, పేరు బయటపెట్టకూడదని 2017 చట్టం ఉంది అన్నాను. తోటి డ్రైవరు కోసం అడిగినానన్నాడు. ఎవరని నేనడగలేదు.