పారిశ్రామిక క్లస్టర్ గారికి ఒక విన్నపం

ఒకే తరహా కంపెనీలను ఒకచోట చేర్చే మహారాజశ్రీ ప్రభుత్వ పారిశ్రామిక క్లస్టర్ గారికి నమస్కారాలు.

మీ గేటు బాగుంది, రోడ్లు బాగున్నాయి. శిలాఫలకం మరీ బాగుంది. మీ ఆవరణలో అన్నిటికంటే ముందు పూర్తయింది అదే కదా! ఒక్క సందేహం తీర్చండి చాలు. మీలో చేరాక కంపెనీల ఉత్పాదకత పెరిగిందా? ఎన్ని కంపెనీలు చేరాయో, ఎంత రాయితీ పంచారో మీ నివేదికలో ఉంది. అంతే మందితో, అవే యంత్రాలతో సరుకు ఎంత ఎక్కువ తయారైందో మాత్రం కనబడలేదు.

మీ వంశం గొప్పదే. ఒకే తరహా పరిశ్రమలు ఒకచోట చేరితే పనివాళ్ళు, సరఫరాదారులు, పని కిటుకులు చేతికందే దూరంలో ఉంటాయని ఇంగ్లండు ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే రాశారు. ఆ కిటుకులు గాలిలోనే తిరుగుతుంటాయని కూడా అన్నారు. మీరేమో ఆ గాలిని కూడా ప్లాట్లు వేసి కేటాయించవచ్చనుకున్నారు.

ఫ్రాన్సులో 1990ల చివర్లో మీ బంధువులు చాలామంది పుట్టారు. తర్వాత ఆర్థికవేత్తలు ఒక్కో కంపెనీ లెక్క విప్పి చూస్తే, సాయం అందుకున్నవి చాలావరకు అప్పటికే వెనకబడుతున్నవని, ఉత్పాదకత మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదని తేలింది. కష్టంలో ఉన్న ప్రాంతాన్ని ఆదుకోవడం మంచి పనే, కాదనను. కానీ అది ఒక పని, ఉత్పాదకత పెంచడం ఇంకో పని. రెండూ ఒకే ఫైల్లో పెట్టి, ఒకటి అడిగితే రెండోది చూపించడంలో మీ తర్వాతే ఎవరైనా.

జపాన్ 2001లో మొదలుపెట్టిన క్లస్టర్ పథకం కథ ఇంకా తమాషా. సభ్యత్వం తీసుకున్నంత మాత్రాన కంపెనీల పరిశోధన ఉత్పాదకత పెరగలేదట. పైగా అదే క్లస్టర్ ప్రాంతంలోని భాగస్వామితో కలిసి పరిశోధన చేస్తే తగ్గిందట! దూరపు కొండలు నునుపన్నది ఇక్కడ లెక్కల్లోనే తేలింది.

మీలో ప్రయోజకులు లేరనను. తైవాన్‌లో 1980లో మొదలైన సించు సైన్స్ పార్కుకు రెండు విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇట్రీ ఇరుగుపొరుగు. ఆ ఇట్రీ నుంచే ఇంజనీర్లూ టెక్నాలజీ వెళ్ళి 1987లో చిప్‌లు తయారుచేసే కంపెనీ టీఎస్‌ఎంసీ నిలబడింది. ఆ పార్కును చూసి వచ్చాక మీరు తెచ్చుకున్నదేమిటి? పచ్చిక బయలు.

ఇంకో మాట. కిటుకులు మనుషుల బుర్రల్లో ప్రయాణిస్తాయి. కాలిఫోర్నియాలో పోటీ కంపెనీలో చేరకూడదనే ఒప్పందాలు 1872 నుంచే చెల్లవు. సిలికాన్ వ్యాలీ ఎదగడానికి అదీ ఒక కారణమంటారు. మీ సభ్యులేమో ఉద్యోగిచేత ముందు బాండు మీద సంతకం పెట్టించి, ఆ తర్వాత 'జ్ఞాన మార్పిడి' సదస్సుకు పంపిస్తారు. అక్కడ మారేవి విజిటింగ్ కార్డులు.

వచ్చే ఏడాది నివేదికలో ఒక్క కాలమ్ కలపండి. మీలో చేరిన కంపెనీని, అలాంటిదే అయ్యుండి చేరని కంపెనీని పక్కపక్కన పెట్టి, చేరకముందు ఎంత, చేరాక ఎంత అని చూపించండి. చోటు చాలకపోతే మంత్రిగారి ఫోటో కాస్త చిన్నది చేయండి.

ఇట్లు,
మీ రాయితీల ఖర్చు భరిస్తున్న ఒక పన్ను చెల్లింపుదారు