గోళ్లతో కట్టిన ఓడను ఎన్నాళ్లు ఆపగలరు?

చీకటి పడ్డాక గోళ్లు తీసుకోవద్దని, తీసినవి ఇంట్లో పడేయొద్దని మన ఇళ్లలో ఇప్పటికీ అంటారు. ఎందుకని అడిగితే దరిద్రం అంటారు తప్ప అంతకుమించి కథేమీ చెప్పరు. ఐస్‌లాండ్ వాళ్లకు మాత్రం గోళ్ల మీద పెద్ద కథే ఉంది. లోకం అంతమయ్యే రోజున, చచ్చినవాళ్ల గోళ్లతో కట్టిన ఓడ ఒకటి సముద్రంలోకి దిగుతుంది. దాని పేరు నాగల్‌ఫార్. 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ కవి స్నోరి స్టర్లుసన్ రాసిన ఎడ్డా అనే పురాణ గ్రంథంలో ఈ ఓడ ప్రస్తావన దగ్గర ఒక చిన్న హెచ్చరిక ఉంది. ఎవరైనా గోళ్లు తీయకుండా చనిపోతే ఆ ఓడకు సరుకు అందించినట్టే. అది పూర్తి కావడం ఎంత ఆలస్యమైతే దేవుళ్లకూ మనుషులకూ అంత మేలు.

అంతాన్ని ఆపగలమని స్నోరి ఎక్కడా అనడు. గోళ్లు తీయండి, అంతవరకే.

ఐస్‌లాండ్, నార్వే వైపు పాత కథలైన నార్స్ పురాణాల మీద పిల్లలకు ఫాంటసీ సిరీస్ రాసే రచయితకు ఎదురయ్యే చిక్కంతా ఇక్కడే ఉంది. ఆఖరి పుస్తకంలో ఏం జరగాలో ఎనిమిది వందల ఏళ్ల కిందటే రాసిపెట్టి ఉంది. ఫెన్రిర్ తోడేలు దేవుళ్ల పెద్ద ఓడిన్‌ను మింగుతుంది. థోర్ మహాసర్పాన్ని చంపి, తొమ్మిదడుగులు వేసి, దాని విషానికి పడిపోతాడు. మాయలమారి లోకి, దేవుళ్ల కాపలాదారు హైమ్‌డాల్ ఒకరినొకరు చంపుకుంటారు. అగ్ని రాక్షసుడు సుర్ట్ భూమిని తగలబెడతాడు. ఈ సంగతంతా ఓడిన్‌కు ముందే తెలుసు. తెలిసీ ఓడిపోయే యుద్ధం కోసం, వల్హల్లా అనే తన మందిరంలో చనిపోయిన వీరుల్ని పోగుచేస్తూ కూర్చుంటాడు. పన్నెండేళ్ల పాఠకుడికి ఇలాంటి కథను ఎలా ముగించాలి? అందర్నీ చంపేస్తే పుస్తకం విసిరికొడతాడు. ఎవర్నీ చంపకపోతే ఇంతోటి దానికి నార్స్ పురాణం ఎందుకంటాడు.

అమెరికన్ రచయిత రిక్ రయర్డన్ పిల్లల కోసం రాసిన మాగ్నస్ చేజ్ మూడు పుస్తకాల్లో చివరిది, 2017 అక్టోబర్‌లో వచ్చిన ‘ద షిప్ ఆఫ్ ద డెడ్’, పేరులోనే ఆ ఓడను పెట్టుకుంది. బోస్టన్ వీధుల్లో రెండేళ్లు నిలువ నీడ లేకుండా బతికిన మాగ్నస్ తన పదహారో పుట్టినరోజునే చనిపోతాడు. సిరీస్ మొదలయ్యేదే ఆ చావుతో. ఆఖరి పుస్తకంలో మంచులో చిక్కుకున్న నాగల్‌ఫార్ కదలకముందే లోకిని ఆపడం అతని బృందం పని. ఆ బృందంలో వల్హల్లా వీరులున్నారు, వినికిడి లేని ఎల్ఫ్ హార్త్‌స్టోన్ ఉన్నాడు, లోకి సొంత సంతానం సమీరా, అలెక్స్ కూడా ఉన్నారు. సమీరా ఈ సాహసమంతా రంజాన్ ఉపవాసాలతోనే చేస్తుంది.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఈ ముగింపు తప్పించుకోవడంలాగే అనిపించింది. రాగ్నరోక్, అంటే ఆ లోకాంతం, రాదు, వాయిదా పడుతుంది, అంతే. మూడు పుస్తకాలు ఇందుకేనా అని చికాకుపడ్డాను. స్నోరి గోళ్ల వాక్యం దగ్గరకు వెళ్లాక ఆ చికాకు సగం తగ్గింది. ఆ వాక్యం మనిషికి అప్పజెప్పిన పని వాయిదా వేయడమే మరి. స్నోరిలోనే దీనికి జంటగా ఇంకో మాట ఉంది. తండ్రిని మింగిన తోడేలు కింది దవడ మీద కాలేసి తొక్కి, నోరు చీల్చేవాడు ఓడిన్ కొడుకు విదార్. ఆ కాలికి ఉండే మందపాటి చెప్పు, మనుషులు చెప్పులు కుట్టేటప్పుడు వేలి దగ్గరా మడమ దగ్గరా కోసి పారేసే తోలు ముక్కలతో తయారైంది. దేవుళ్లకు సాయం చేయాలనుకునేవాడు ఆ ముక్కల్ని దాచుకోకుండా పారేయాలట. చెప్పులు కుట్టేవాడి బల్ల కింద పడిన తునకకు యుగాంతంలో ఒక పాత్ర ఉందన్నమాట.

మన దగ్గర లెక్క వేరు. మౌసల పర్వంలో యాదవులు రోకలిని అరగదీసి సముద్రంలో కలుపుతారు. ఆ పొడే ఒడ్డున తుంగై మొలిచి వాళ్లను చంపుతుంది. ఆపబోయిన పనే ఆయుధమైంది. తిక్కన దాకా వెళ్లి చదివినవాళ్లకు తప్ప ఈ ఘట్టం చాలామందికి తెలియదు. పిల్లలకు చెప్పే భారతం పట్టాభిషేకంతోనే కంచికి వెళ్లిపోతుంది.

ఇక రయర్డన్ క్లైమాక్స్ సంగతి. కత్తులతో తేల్చుకోరు, తిట్టుకుంటారు. ఫ్లైటింగ్ అనే ఈ పాత పోటీలో మాటలతో ఎదుటివాణ్ని కుదించాలి. ‘లోకసెన్నా’ అనే పాత కావ్యంలో లోకి విందుకు వచ్చిన దేవుళ్లందర్నీ వరసపెట్టి కడిగేస్తాడు. తిట్టు కవిత్వం ఉన్న భాష మనది. వేములవాడ భీమకవి నోట్లో పడితే ఏమవుతుందో చాటువులు విన్నవాళ్లకు తెలుసు. అలాంటి లోకి ముందు, క్వాసిర్ అనే జ్ఞాని రక్తంతో కాచిన కవితా మధువు తాగి వచ్చిన మాగ్నస్ నిలబడి తిట్ల బదులు తన స్నేహితులు ఎలాంటివాళ్లో చెప్పుకుంటూ పోతాడు. లోకి కుంచించుకుపోతూ చివరికి అక్రోటు కాయ చిప్పలో ఇరుక్కుంటాడు. ఆలోచన బాగుంది. తిట్టేవాడికి తిట్టు ఆహారం కదా. కానీ ఆ ఉపన్యాసం స్కూల్ అసెంబ్లీలో నీతిపాఠంలా నడిచింది. పురాణంలో లోకి నోట పలికిన అబద్ధానికి ఉన్న పదును ఇక్కడి నిజానికి లేదు. పైగా వల్హల్లా బయట చస్తే మళ్లీ లేచేది లేదని మొదటి నుంచీ చెప్పిన రచయిత, ఆ బెదిరింపును ఒక్కసారి కూడా దగ్గరివాళ్ల మీద అమలుచేయడు.

సిరీస్‌లో నిజమైన చీకటి ఓడ మీద లేదు, హార్త్‌స్టోన్ ఇంట్లో ఉంది. తమ్ముడి చావుకు హార్త్‌స్టోనే కారణమని నిందించే తండ్రి, తాను చంపిన మృగం తోలొకటి నేల మీద పరుస్తాడు. దాని ప్రతి వెంట్రుకనూ బంగారంతో కప్పి రుణం తీర్చుకోమంటాడు. తిండికీ లెక్కే, ప్రతి చిన్న అవసరానికీ లెక్కే. ఇది పాత కథలోంచి వచ్చిందే. అక్కడ నీటికుక్క రూపంలో ఉన్న ఓటర్ అనేవాణ్ని చంపిన దేవుళ్లు ఆ తోలును బంగారంతో కప్పాలి. ఆఖరికి ఒక్క మీసం వెంట్రుక మిగిలితే అంద్వారి అనే మరుగుజ్జు శాపపు ఉంగరంతో దాన్ని మూస్తారు. ఆ ఉంగరమే ఇక్కడ తండ్రిని డ్రాగన్‌ను చేస్తుంది. చివరి పుస్తకంలో కొడుకు ఆ డ్రాగన్ ముందుకు వెళ్లాలి. వినిపించని కొడుకుతో సైగల్లో మాట్లాడటం ఏనాడూ ఇష్టపడని తండ్రి అతను. నన్నడిగితే ఈ ముగింపులో రాగ్నరోక్ అంటే ఈ అధ్యాయాలే.

తెర మీద ఇదే చిక్కును నెట్‌ఫ్లిక్స్ నార్వే సిరీస్ ‘రాగ్నరోక్’ ఇంకోలా విప్పబోయి బోర్లాపడింది. 2020లో మొదలైన ఆ కథలో రాక్షస జాతి సంపన్న కుటుంబం ఫ్యాక్టరీ నడుపుతుంది. నీళ్లు పాడవుతాయి, హిమానీనదాలు కరుగుతాయి. స్కూలు కుర్రాడు మాగ్నెలో థోర్ మేల్కొంటాడు. 2023లో మూడో సీజన్ చివర, మహాయుద్ధమంతా ఆ కుర్రాడి తలలోనే జరిగిందేమోనన్న అనుమానం మిగిల్చి ముగించారు. మానసిక అనారోగ్యం కథలో పెట్టడాన్ని నేను తప్పుపట్టను. కానీ మురికి నీళ్లు ఊహ కాదుగా. ఫ్యాక్టరీని తలలోకి పంపేశాక గోళ్లు తీయడానికి ఎవరికీ పని మిగల్లేదు.

అసలు విడ్డూరమేమిటంటే, పిల్లల ముగింపు కోసం వెతకాల్సిన అవసరమే లేదు, ‘వోలుస్పా’ అనే పాత నార్స్ కావ్యం చివరి పద్యాల్లోనే ఉంది. కాలిపోయిన భూమి సముద్రంలోంచి మళ్లీ పచ్చగా లేస్తుంది. విత్తకుండానే పొలాలు పండుతాయి. అన్నను తెలియక చంపిన హోడ్, ఆ అన్న బాల్డర్ తిరిగొచ్చి ఒకే ఇంట్లో ఉంటారు. స్నోరి ప్రకారం థోర్ సుత్తి అతని కొడుకులు మోది, మాగ్నిల చేతికొస్తుంది. పెద్దవాళ్లు ఆడుకుని వదిలేసిన బంగారు పావులు గడ్డిలో దొరుకుతాయి. రయర్డన్ అక్కడిదాకా వెళ్లలేదు. వెళ్తే నాలుగో పుస్తకం కావాలేమో, నేనైతే కొని చదివేవాణ్ని.

‘ద షిప్ ఆఫ్ ద డెడ్’ ఆఖరి పేజీల్లో మాగ్నస్ చేసిన పని మాత్రం నాకు అక్రోటు కాయ కంటే ఎక్కువ గుర్తుంది. మామయ్య రాండాల్ఫ్ చనిపోయాక బోస్టన్‌లోని ఆయన భవంతి మాగ్నస్‌కు వస్తుంది. వీరుడిగా అతను శాశ్వతంగా వల్హల్లా వాసి, ఆ ఇంట్లో కాపురం ఉండేది లేదు. ఇల్లు లేక రోడ్ల మీద తిరిగే పిల్లలు రాత్రి పడుకోవడానికి, తినడానికి దాన్ని తెరిచిపెడతాడు.