చవక కలాల ఆగడాలు

కలానికి సమాజంలో ఒక స్థానం ఉంది. ఆ స్థానం చొక్కా జేబు. అక్కడ క్లిప్పు మాత్రం బయటికి మెరుస్తూ, లోపల సిరా ఉందో లేదో యజమానికే తెలియకుండా, పదవీ విరమణ దాకా నిటారుగా నిలబడి ఉండడమే ఉత్తమ జాతి ఫౌంటెన్ పెన్ను ధర్మమని పెద్దలు ఏనాడో నిర్ణయించారు. ఆ ధర్మానికి ఇప్పుడు గ్లాని కలిగింది. ప్లాస్టిక్ ఒళ్లు, ఉక్కు పాళీ తప్ప చెప్పుకోదగ్గ అర్హత ఏదీ లేని చవక ఫౌంటెన్ పెన్నులు కొన్ని బయలుదేరి, రాయడం మొదలుపెట్టాయి. పైగా బాగా రాస్తున్నాయి. ఇది ఉపేక్షించదగిన విషయం కాదు.

ముందుగా బంగారం సంగతి తేల్చాలి. ఒకప్పటి సిరాలలో ఆమ్లగుణం ఎక్కువ; వాటి ధాటికి మామూలు ఉక్కు తుప్పు పట్టేది, బంగారం తట్టుకునేది. కనుక ఆనాడు 14 క్యారెట్ల పాళీ ఒక అవసరం. తరువాత స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది, సిరాలూ సాధుస్వభావం అలవరచుకున్నాయి, అవసరం తీరిపోయింది. అవసరం తీరిపోయాక కూడా నిలిచి ఉండేదానినే గౌరవం అంటారు కాబట్టి, బంగారు పాళీ వైభవం అసలు అక్కడినుంచే మొదలైందని చెప్పాలి. ఇంతవరకు బాగానే ఉంది. అయితే కిట్టనివాళ్లు కొందరు భూతద్దం పట్టుకుని, కాగితానికి తగిలేది బంగారమే కాదని బయటపెట్టారు. బంగారం మెత్తని లోహం, రుద్దితే అరిగిపోతుంది. అందుకని పాళీ కొసన గట్టి మిశ్రలోహపు పూసను అతికిస్తారు. మంచి ఉక్కు పాళీకి కూడా అటువంటి పూసనే అతికిస్తారు. అంటే అక్షరం పుట్టే చోట ఉన్నవాడికీ లేనివాడికీ తేడా లేదన్నమాట. ఇటువంటి విషయాలు పిల్లల చెవిన పడకుండా చూడడం మన కర్తవ్యం. బంగారు పాళీ వేళ్ల కింద కాస్త మెత్తగా వంగుతుందని మనం వాదించవచ్చు గాని, ఆ వంగడం లోహం కంటే పాళీ ఆకారం మీద, మందం మీద ఎక్కువగా ఆధారపడుతుందని చెప్పేవాళ్లు వెంటనే తయారవుతారు కనుక, ఆ జోలికి పోకపోవడమే క్షేమం.

ఈ కుట్రలో ప్రకృతికి కూడా భాగం ఉందని చెప్పడానికి విచారిస్తున్నాను. ఇరుకైన దారి దొరికితే ద్రవం తనంతట తాను అందులో పాకుతుంది. పాఠ్యపుస్తకాలు దీనిని కేశనాళికీయత అంటాయి. పాళీ కింద ఉండే నాలుకలోని సన్నని గాడుల వెంట సిరా దిగుతుంటే, ఖాళీ అయిన చోటికి గాలి పైకి వెళుతుంది. 1884లో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు పొందిన పెన్ను ఈ గాడుల నేర్పుతోనే పేరు తెచ్చుకుంది. దారి ఎంత ఇరుకో చూసుకోవడమే తప్ప, పెన్ను వెల ఎంతో ఆ ద్రవం ఏనాడూ అడగదు. భౌతిక నియమాలను రూపొందించేటప్పుడు సంపన్నవర్గాల అభిప్రాయం తీసుకోకపోతే జరిగే అనర్థం ఇదే.

హుందాతనం మాట కూడా చెప్పుకోవాలి. ఖరీదైన పెన్నులు చేసే మాంట్‌బ్లాంక్ కంపెనీ వారి మైస్టర్‌స్టుక్ అనే పెన్ను పాళీ మీద 4810 అని చెక్కి ఉంటుంది. అది మాంట్‌బ్లాంక్ పర్వతానికి మీటర్లలో సంప్రదాయంగా చెప్పే ఎత్తు. దానితో చాకలిపద్దు రాసినా శిఖరాగ్రం మీద నిలబడి రాసినట్టే. మరి 2013లో పైలట్ కంపెనీ తెచ్చిన కకునో అనే చవక పెన్ను పాళీ మీద ఏముంది? నవ్వుమొహం ఉంది. రెండు కళ్లు, ఒక నోరు. పిల్లలు రాత నేర్చుకోవడానికి చేసిన వస్తువు కదా అని ఊరుకుందామంటే, పెళ్లీడు పిల్లలున్న పెద్దమనుషులు దానితో గంభీరమైన ఉత్తరాలు రాస్తున్నారు. 1980లో లామీ సంస్థ బడిపిల్లల కోసం తెచ్చిన సఫారీకి కూడా ఇదే గతి పట్టింది. దాని ఉక్కు పాళీని ఊడదీసి అదే సంస్థ వారి లోహపు ఒంటి పెన్నులకు తొడిగితే చక్కగా పట్టి రాస్తుందని తెలిసిన తరువాత, లోహపు ఒళ్లు కొన్నవారి మనఃస్థితి ఏమిటో ఒక్కసారి ఆలోచించండి.

వీటన్నిటికంటే ఘోరం, చవక కలం మనిషి స్వభావాన్ని పాడుచేయడం. ఖరీదైన కలం యజమానిలో జాగ్రత్త, అనుమానం, లెక్క వంటి సద్గుణాలు సహజంగా వృద్ధి చెందుతాయి. ఎవరైనా ఒక్క నిమిషం పెన్ను ఇవ్వమంటే ఆయన మూత తన దగ్గరే ఉంచుకుంటాడు, ప్రయాణాలకు తీసుకెళ్లడు, సంతకానికి మించి రాయడు. చవక కలంవాడికి ఈ క్రమశిక్షణ ఏదీ లేదు. అడిగినవాడికల్లా ఇస్తాడు. ఒకదానిలో నీలం, ఒకదానిలో ఆకుపచ్చ, ఒకదానిలో ఇటుకరంగు నింపుకుని సరుకుల జాబితా దగ్గరనుంచి మనసులోని దిగులు దాకా అన్నీ రాసుకుంటాడు. బాల్‌పెన్నులో గుండు దొర్లాలంటే నొక్కి రాయాలి. ఇక్కడ పాళీ కాగితాన్ని తాకితే చాలు, కనుక చేయి నొప్పి పుట్టదు, నొప్పి పుట్టదు కనుక ఆపడు. వేలికి సిరా అంటితే కడుక్కోకుండా పదిమందికీ కనబడేలా తిప్పుకుంటూ తిరుగుతాడు.

నిష్పక్షపాతంగా ఉండాలి కనుక చవక కలం లోపాలనూ గాలించాం. ప్లాస్టిక్ మూత కొన్నాళ్లకు బీటలిచ్చే మాట నిజమే. అది మాకు కొంత ఊరటనిచ్చింది. పలుచటి కాగితం మీద సిరా పాకి వెనకవైపుకు దిగుతుందన్న అభియోగం కూడా మోపబోయాం గాని, ఖరీదైనది అదే కాగితం మీద అదే పని చేస్తుండడంతో, పైగా పాళీ ధారాళమైనదైతే ఇంకా ఎక్కువగా చేస్తుండడంతో ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఎదురుదెబ్బ మరొకటి కూడా తగిలింది. రాయకుండా ఉంచిన పెన్నులో సిరాలోని నీరు ఆవిరై, రంగు గట్టిపడి, గాడులు పూడుకుపోతాయి. రోజూ రాసే పెన్నుకు ఈ జబ్బు అరుదు. అందువల్లనే పెద్ద పెద్ద ఒప్పందాల మీద సంతకం పెట్టే వేళ మహనీయుల కలం మొరాయిస్తే, వెనక నిలబడ్డ గుమాస్తా తన చవక పెన్ను అందించవలసి వస్తుంది. ఫొటోలో మాత్రం పాతదే చేతిలో ఉంటుంది. ఆ మేరకు మర్యాద దక్కుతోంది.

ఇక చర్యలు. చవక పెన్నుల నాలుకలో కనీసం ఒక గాడినైనా విధిగా మూసివేయాలి. వాటితో రోజుకు ఒక పేజీకి మించి రాసేవారు కారణం తెలియజేయాలి. నవ్వుమొహం స్థానంలో ఏదైనా పర్వతం ఎత్తు వేయాలి. దొరక్కపోతే గుట్ట ఎత్తయినా ఫర్వాలేదు. వీటిని పరిశీలించి సమగ్ర నివేదిక సమర్పించడానికి, బంగారు పాళీ కలిగి ఉండి దానితో పది వాక్యాలకు మించి రాయని ప్రముఖులతో ఒక సంఘాన్ని వెంటనే నియమించాలి. నివేదిక చిత్తుప్రతులు, కొట్టివేతలు, తిరగరాతలు కలిపి పేజీలు వందల్లోకి వెళ్లవచ్చు కనుక, అంతటి మోటుపనికి సభ్యుల సొంత కలాలను వాడమనడం భావ్యం కాదు. తలా ఒక చవక ఫౌంటెన్ పెన్ను, రెండు బుడ్ల సిరా సంఘం ఖర్చుతోనే మంజూరు చేయాలి.