పాత అపార్ట్‌మెంట్లలో చిట్టెలుకలు: కన్నం పూడ్చాల్సింది ఎవరు?

హైదరాబాద్‌లో నల్లకుంట, చిక్కడపల్లి, బర్కత్‌పుర వంటి పాత పేటల్లో మూడు నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్లలో అద్దెకుంటున్న కుటుంబాలకు చిట్టెలుకల బెడద కొత్తది కాదు. బోను పెడితే ఒకటో రెండో పడతాయి, కొన్నాళ్లు అలికిడి ఉండదు, ఆ తర్వాత వంటగది గట్టు మీద మళ్లీ పెంటికలు కనిపిస్తాయి. అప్పుడు ఇంట్లోవాళ్లూ ఇరుగుపొరుగువారూ మొదట వేలెత్తి చూపేది ఆ ఇంటి శుభ్రతను, అంటే ఆచరణలో ఆ ఇంటి ఇల్లాలిని. ఈ నింద అన్యాయమైనదే కాక, సమస్య ఎక్కడుందో కనబడకుండా చేస్తుంది. చిట్టెలుకలు ఒక ఫ్లాట్‌కు పట్టిన బెడద కాదు, భవనానికి పట్టిన బెడద. దాన్ని ఫ్లాట్‌ల వారీగా, అదీ అద్దెకున్నవారి ఖర్చుతో వదిలించుకోవాలని చూస్తున్నంత కాలం అది వదలదు.

ఇళ్లలో తిరిగే చిట్టెలుక బరువు సాధారణంగా 15 నుంచి 20 గ్రాములకు మించదు. పెన్సిల్ పట్టేంత సందు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, లోపలికి దూరుతుంది. రోజుకు దానికి కావలసిన తిండి మూడు నాలుగు గ్రాములు. తిండిలోని తేమతోనే సరిపెట్టుకోగలదు కాబట్టి విడిగా నీళ్లు దొరకకపోయినా బతుకుతుంది. చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది, ఒక్కో ఈతకు ఐదారు పిల్లలు పుడతాయి. బియ్యం డబ్బాలకు గట్టి మూతలు పెట్టడం, రాత్రి అంట్లు మిగల్చకుండా తోముకోవడం తప్పక చేయాల్సిన పనులే. వాటివల్ల ఎలుకల సంఖ్య పెరగకుండా ఉంటుంది. కానీ మూడు గ్రాముల తిండి కూడా దొరకని భవనమంటూ ఉండదు. పక్క ఫ్లాట్‌లో పావురాలకు చల్లే గింజలు, సెల్లార్‌లో తెల్లవారేదాకా నిలవుండే చెత్త సంచులు దానికి సరిపోతాయి.

అసలు గమనించాల్సింది దాని తిరుగుడు పరిధి. తిండి, గూడు దగ్గర్లో ఉంటే చిట్టెలుక సాధారణంగా పది మీటర్ల లోపే తిరుగుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఒక అంతస్తుకూ మరో అంతస్తుకూ మధ్య ఎత్తు మూడు మీటర్లు. గరుకు గోడలనూ నిలువు పైపులనూ అది అవలీలగా ఎక్కుతుంది. కింది ఇంటి అటక, మన వంటగది, పై ఇంటి స్నానాలగది కలిపితేనే ఒక ఎలుక కాపురమవుతుంది. మనం బోను పెట్టేది అందులో మూడో వంతులో. మిగతా రెండు వంతులు తాళం వేసి ఉండవచ్చు, లేదా ‘మా ఇంట్లో ఎలుకల్లేవండీ’ అనే పొరుగువారివి కావచ్చు.

ఈ మూడింటినీ కలిపే దారి డక్ట్. పాత అపార్ట్‌మెంట్లలో స్నానాలగదుల, వంటగదుల పైపులన్నీ ఈ ఇరుకు సందులోంచే దిగుతాయి. మొదట వేసిన ఇనుప పైపులు తుప్పుపట్టాక వాటి స్థానంలో సన్నటి ప్లాస్టిక్ పైపులు వచ్చాయి గాని, గోడకు కొట్టిన కన్నం మాత్రం పాత కొలతలోనే మిగిలిపోయింది. ఆ తర్వాత కేబుల్ టీవీ, స్ప్లిట్ ఏసీ, నీళ్ల ఫిల్టర్, ఇంటర్నెట్ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు డ్రిల్లింగ్ మెషీన్‌తో వచ్చి మరో కన్నం వేసి వెళ్లారు. వైరు లాగడం వారి పని, కన్నం పూడ్చడం ఎవరి పనీ కాదు. అద్దెకున్నవారు ఏసీ విప్పుకొని వెళ్లిపోతారు, కన్నం తర్వాత వచ్చేవారికి మిగులుతుంది. అందులో కాగితమో, గుడ్డ పీలికలో, థర్మాకోలో కుక్కితే ఎలుక కొరికేస్తుంది, పైగా గూటికి ఆ ముక్కలనే వాడుకుంటుంది. స్టీలు పీచు బిగించి కుక్కి, దాని మీద సిమెంటు మెత్తితేనే ఆ దారి మూసుకుంటుంది. తలుపు కింద సందుకు లోహపు పట్టీ, కిటికీలకు సన్నటి ఇనుప జాలీ వేయాలి. ఒక ఫ్లాట్‌కు ఇదేమీ పెద్ద ఖర్చు కాదు, మేస్త్రీకి ఒకటి రెండు రోజుల పని.

అయినా జరగదు, అందుకు కారణం మన అద్దె ఒప్పందాల తీరులోనే ఉంది. ఏడాది దాటితేనే లీజును రిజిస్టర్ చేయించాలన్న లెక్కతో మనవాళ్లు పదకొండు నెలల కాగితం రాసుకుంటారు. పదకొండు నెలల్లో వెళ్లిపోవలసి రావచ్చనుకునే మనిషి యజమాని గోడకు డబ్బు పెట్టడు. గట్టిగా అడిగితే ఒప్పందం పొడిగించరేమోనన్న భయమూ ఉంటుంది. యజమాని వైపు కూడా చూడాలి. ఆ ఫ్లాట్ల ఓనర్లలో ఆ అద్దె మీదే ఆధారపడిన విశ్రాంత ఉద్యోగులున్నారు, విదేశాల్లో ఉంటూ ఫోన్‌లోనే వ్యవహారం నడిపేవారున్నారు, ఎలాగూ బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేస్తాం కదా అని రిపేర్లు మానేసినవారూ ఉన్నారు. ఇక డక్ట్ ఉమ్మడి ఆస్తి కనుక అది అసోసియేషన్ బాధ్యత. చాలాచోట్ల ఆ అసోసియేషన్‌లో ఓటు ఓనరుదే, నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది మాత్రం అద్దెకున్నవారు.

చట్టం ఈ విషయంలో పూర్తిగా మౌనంగా లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, యజమాని చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా సహేతుకమైన గడువులో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకొని ఆ ఖర్చును అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నిర్మాణపరమైన మరమ్మతులనూ పైపుల మార్పిడినీ యజమానికి, మురుగు కాలువ శుభ్రం చేయించడాన్నీ ఈగలు, దోమలు రాకుండా వేసే జాలీల మార్పిడినీ అద్దెదారుకు పంచింది. ఎలుకలు సరిగ్గా ఈ రెండు జాబితాల మధ్య సందులోంచే దూరుతున్నాయి. పైపు చుట్టూ మిగిలిన కన్నం నిర్మాణపరమైన లోపమా, ఇంటి శుభ్రతకు సంబంధించినదా? నా దృష్టిలో అది నిస్సందేహంగా మొదటిదే, ఆ మాటను చట్టంలో స్పష్టంగా రాయాలి. న్యూయార్క్ నగరం 2018లో చేసిన చట్టం, మూడు అంతకంటే ఎక్కువ ఇళ్లున్న భవనాల్లో ఎలుకలు, బొద్దింకలు లేకుండా చూడాల్సిన బాధ్యతను యజమాని మీదే పెట్టింది. ఏటా తనిఖీ చేయాలని, మందు చల్లి ఊరుకోకుండా అవి వచ్చే దారులు మూయాలని చెప్పింది. పిల్లల్లో ఉబ్బసానికీ ఈ జీవులకూ ఉన్న సంబంధమే ఆ చట్టానికి ప్రేరణ.

బాధ్యత తేలని చోట మిగిలేది మందు. అతి ప్రమాదకరమైన దశ ఇదే. పసుపు భాస్వరం కలిసిన ఎలుకల పేస్టు మనిషి కడుపులోకి వెళితే కాలేయం దెబ్బతింటుంది, దానికి విరుగుడు లేదు. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో, ఇంట్లో ఎలుకల కోసం పెట్టించిన మందు వల్ల ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు, తల్లిదండ్రులు ఆస్పత్రి పాలయ్యారు. గాలి ఆడని గదులు, పసిపిల్లలు ఉన్న ఇళ్లలో ఏ మందు పెడుతున్నారో పేరు అడగకుండా ఎవరినీ లోపలికి రానివ్వకూడదు. బ్రోమడియోలోన్ అనే ఎలుకల మందు కలిపిన కేకుల్లాంటివి నెమ్మదిగా, కొన్ని రోజుల మీద పనిచేస్తాయి. ఈలోగా ఎలుక ఫాల్స్ సీలింగ్‌లోనో బీరువా వెనకో చచ్చి కంపు కొడుతుంది. గ్లూ ప్యాడ్‌కు అతుక్కున్న ఎలుక గంటల తరబడి గిలగిలలాడి చస్తుంది. జంతు సంక్షేమ మండలి వాటిని వద్దంటోంది, నేనూ అదే అంటాను. బోన్లే నయం. అయితే చిట్టెలుక ఒక్కచోట కడుపు నింపుకోదు, ఒకే రాత్రి పదుల చోట్ల కొద్దికొద్దిగా కొరుకుతుంది. అందుకే గది మధ్యలో ఒక బోను పెట్టి లాభం లేదు, గోడ వారగా రెండు మీటర్లకొకటి చొప్పున పెట్టాలి. పెంటికలను పొడిగా ఊడిస్తే దుమ్ము ముక్కులోకి వెళుతుంది, బ్లీచింగ్ నీళ్లు చల్లి నానాక తడిగుడ్డతో తీయాలి.

ఏ రాష్ట్రమైనా చట్టం మార్చేదాకా ఆగనక్కరలేదు. అసోసియేషన్‌లు డక్ట్ కన్నాలన్నింటినీ ఒకేసారి, అన్ని అంతస్తుల్లో పూడ్పించి, ఆ ఖర్చును ఓనర్ల నుంచి వసూలు చేయవచ్చు. ఒక్కో ఫ్లాట్ లోపలి పనికి అనువైన సమయం ఒకరు ఖాళీ చేశాక మరొకరు దిగేలోపు ఉండే ఆ కొద్ది రోజులు. వంటగది అరలు ఖాళీగా ఉంటాయి, సింకు కింద, అటక మీద సామాను అడ్డం ఉండదు, సున్నం వేయడానికి మనుషులు ఎలాగూ వస్తారు. అడ్వాన్స్ ఇచ్చే ముందే సింకు కింద తలుపు తెరిచి చూసి, కనిపించిన కన్నాలన్నీ రంగులు వేయకముందే సిమెంటుతో పూడ్పించాలన్న ఒక్క వాక్యాన్ని పదకొండు నెలల కాగితంలో చేర్పించుకోవాలి.