ఖాళీ ప్రాసెసర్: ఎవరి లెక్కలో ఖాళీ?

ఏ పని ఏ ప్రాసెసర్ కోర్ మీద నడవాలో నిర్ణయించే లైనక్స్ షెడ్యూలర్‌కు ఒక పాత అలవాటు ఉంది. నిద్రలో ఉన్న పని లేవగానే దగ్గర్లో ఏ కోర్ ఖాళీగా ఉందా అని వెతికి, దొరికితే అక్కడికి తోసేస్తుంది. సొంత హార్డ్‌వేర్ మీద ఇది మంచి పద్ధతే. కానీ ఒకే కోర్‌ను పలువురికి పంచే వర్చువల్ మెషీన్లలో (అసలు యంత్రం మీద సాఫ్ట్‌వేర్ సృష్టించే ఊహా యంత్రాలు) ఈ అలవాటే కొంప ముంచుతోందని నా అభిప్రాయం.

అక్కడ గెస్ట్‌కు (వర్చువల్ మెషీన్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు) కనిపించే ప్రాసెసర్, అంటే వీసీపీయూ, హోస్ట్ (దాన్ని మోసే అసలు యంత్రం) దృష్టిలో ఒక థ్రెడ్, అంటే కోర్ కోసం క్యూలో నిలబడే పనుల్లో ఒకటి మాత్రమే. చేయడానికి పని లేనప్పుడు గెస్ట్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) హాల్ట్, అంటే ‘ఆగు’ అనే ఇన్‌స్ట్రక్షన్ నడుపుతుంది. మామూలు యంత్రంలో అయితే ఆ కోర్ కునుకు తీస్తుంది, అంతే. వర్చువల్ మెషీన్‌లో ఆ హాల్ట్ సాధారణంగా వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్ చేతికి చిక్కుతుంది. అది థ్రెడ్‌ను పక్కనపెట్టి కోర్‌ను ఇంకొకరికి ఇచ్చేస్తుంది. గెస్ట్ మాత్రం ఆ వీసీపీయూ పిలిస్తే పలుకుతుందనే అనుకుంటుంది. పిలిచాక బయటపడుతుంది అసలు సంగతి: ఇంటరప్ట్ (లేపే సంకేతం) పంపడానికో ఖర్చు, థ్రెడ్‌ను లేపడానికో ఖర్చు, ఆపైన హోస్ట్ క్యూలో నిరీక్షణ. క్యూలో పోయిన ఆ సమయమే ప్రాసెసర్ వాడకం చూపే టాప్ కమాండ్‌లో ‘ఎస్‌టీ’ కింద స్టీల్ టైమ్‌గా కనిపించేది.

ఈ చిక్కును మొదట గట్టిగా అనుభవించింది మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ హైపర్‌వైజర్ జెడ్/వీఎం కింద బోలెడన్ని లైనక్స్‌లు ఊరికే కూర్చున్నా, టైమర్ టిక్కుల (గడియారం క్రమం తప్పక పంపే సంకేతాల) కోసం ప్రతిదాన్నీ పదేపదే లేపాల్సి వచ్చేది. అందుకే ఖాళీ సమయంలో టిక్ ఆపేసే ఏర్పాటు అక్కడ ముందే వచ్చింది. 2007లో 2.6.21 కెర్నల్‌తో మామూలు పీసీలకూ అందింది.

టిక్ బెడద తీరింది కానీ మేల్కొలుపు ఖర్చు తీరలేదు. దానికి కనిపెట్టిన ఉపాయం నిద్రపోకుండా కాసేపు కాచుకోవడం. 2015లో లైనక్స్ సొంత హైపర్‌వైజర్ కేవీఎంలో హాల్ట్ పోలింగ్ వచ్చింది. గెస్ట్ హాల్ట్ అన్నా, హోస్ట్ దాన్ని వెంటనే పక్కనపెట్టకుండా మైక్రోసెకన్ల పాటు పని వస్తుందేమోనని చూస్తుంది. 2019లో, 5.4 కెర్నల్‌తో, ఇదే పని గెస్ట్ లోపలే చేసే హాల్ట్‌పోల్ వచ్చింది. దాని డిఫాల్ట్ గడువు 200 మైక్రోసెకన్లు. గెస్ట్ నుంచి హైపర్‌వైజర్‌కు మారే ఎగ్జిట్ తప్పుతుంది కాబట్టి ఇదింకా వేగం. అయినా నాకు మొదటిదే నచ్చుతుంది. అదే కోర్ కోసం ఇంకెవరైనా ఎదురుచూస్తుంటే హోస్ట్ కాచుకోవడం మానేస్తుంది. గెస్ట్‌కు పొరుగువాడే కనిపించడు, ఇక మానేదెలా? తన చురుకుదనం కోసం పక్కవాడి కోర్‌ను తెలియకుండానే తింటుంది.

 

అసలు మందు వేరే చోట ఉందనుకుంటాను. 2018 నుంచి లైనక్స్ ఖాళీ కోర్‌ను ఎంచేటప్పుడు ఆ వీసీపీయూను హోస్ట్ పక్కనపెట్టిందా అని కూడా చూస్తోంది. మంచి మొదలే, కానీ అది ఒక్కో ఎంపిక వరకే. ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్ ఏఐఎక్స్ ఇంకో అడుగు ముందుకేసి, పని తక్కువగా ఉన్నప్పుడు దాన్ని కొన్ని వీసీపీయూల మీదికి సర్ది, మిగతావాటిని మడిచి పెట్టేస్తుంది. అంటే ఎనిమిది వీసీపీయూలున్న గెస్ట్‌కు నాలుగు చాలిన రోజున నాలుగే వాడుకుంటుంది. పని పరచడమే పరమావధి అనుకునే లైనక్స్‌కు ఇది మింగుడుపడని ఆలోచన. కోర్లకు కటకటగా ఉన్న హోస్ట్ మీద మాత్రం పరచినకొద్దీ నష్టమే. ఎక్కువ వీసీపీయూలు లేస్తాయి, ఒక్కోదానికి దక్కే వాటా తగ్గుతుంది, తాళం (ఒకసారికి ఒక్కరే వాడాల్సిన డేటాకు వేసే లాక్) పట్టుకున్నది మధ్యలో ఆగిపోతే మిగతావన్నీ దాని కోసం ఊరికే తిరుగుతుంటాయి.

మడతకూ ఓ ఇబ్బంది ఉంది. హోస్ట్ మీద కోర్ల కటకట ఎంతుందో గెస్ట్‌కు చెప్పేది ముఖ్యంగా స్టీల్ టైమే. అదేమో జరిగిపోయిన నష్టం లెక్క. పొరుగువాడు ఇప్పుడే ఖాళీ చేసిన కోర్ సంగతి, గెస్ట్ ఇంకో వీసీపీయూను తెరిచి చూసేదాకా దానికి తెలియదు.