పర్ణదర్శనం అనే పదిహేడో సంస్కారం

గర్భాధానం నుంచి అంత్యేష్టి దాకా మన పెద్దలు పదహారు సంస్కారాలు చెప్పారు. పాపం వాళ్ళకి అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ తెలియదు. తెలిసుంటే వివాహానికీ అంత్యేష్టికీ మధ్య ఇంకొకటి ఇరికించి ఉండేవాళ్ళు. దాని పేరు పర్ణదర్శనం. వాడుకలో "ఫాల్ కలర్స్‌కి వెళ్ళొచ్చారా?" అంటారు. అమెరికా తూర్పు తీరంలో కాపురముంటున్న తెలుగు దంపతులు అక్టోబర్‌లో ఒక్కసారైనా కారేసుకుని వెర్మాంట్, న్యూ హ్యాంప్‌షైర్ పోయి, పసుపూ ఎరుపూ తిరిగి రాలబోయే ఆకుల్ని రాలకముందే చూసి రాకపోతే ఆ పెళ్ళి చెల్లదని నా దృఢమైన అభిప్రాయం. చెల్లుతుందని వాదించేవాళ్ళు ముందు తమ వాట్సాప్ డీపీ చూపించి మాట్లాడాలి.

మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో పదకొండేళ్ళుగా ఈ సంస్కారం లేకుండానే నెట్టుకొచ్చాం. ఒక ఏడాది వీసా స్టాంపింగ్, ఒక ఏడాది మా తమ్ముడి పెళ్ళి, మిగతా అన్ని ఏళ్ళూ మా ఆయన ఆఫీసులో ఏదో ఒక రిలీజ్. పాట్‌లక్‌లో ఎవరో ఒకరు "ఇంకా వెళ్ళలేదా!" అనేవాళ్ళు, సరిగ్గా "ఇంకా ఇల్లు కొనలేదా!" అనే గొంతుతోనే. ఎన్నాళ్ళని తలదించుకుంటాం. ఈసారి తేల్చేసుకుందామనుకున్నాం.

ముందు ముహూర్తం. ఆకులు ఏ వారం ఏ ఊళ్ళో ఎర్రబడతాయో చెప్పే మ్యాపులు ఇంటర్నెట్‌లో బోలెడు. రంగు ఉత్తరాన, కొండల మీద మొదలై మెల్లగా దక్షిణానికీ పల్లానికీ దిగుతుంది. ఒక్కో చోట గట్టిగా నిలిచేది వారం, పది రోజులు, ఈలోగా గాలివాన కొడితే అదీ లేదు. మన పంచాంగాల్లో దృక్ గణితం వాళ్ళకీ పూర్వ గణితం వాళ్ళకీ పడనట్టే ఈ మ్యాపులకీ ఒకదానితో ఒకటి పడదు. ఒకటి ఏడో తేదీ అంటే ఇంకోటి పద్నాలుగు అంటుంది. కానీ మనకి సెలవు దొరికేది అక్టోబర్ రెండో సోమవారం, కొలంబస్ డేకి. కాబట్టి ప్రకృతి ఏ అభిప్రాయంలో ఉన్నా ముహూర్తం అదే. అమెరికాలో మిగతా తెలుగువాళ్ళందరికీ కూడా అదే.

ఆకుల రంగు నిండుగా ఉండే రోజుల్ని ఇక్కడ పీక్ అంటారు, ఆ మాటకి అసలు అర్థం చెప్పాలి. పీక్ అంటే మీరు వెళ్ళిన వారానికి ముందు వారం. మోటెల్ నడుపుతున్న గుజరాతీ ఆయన తాళం చేతికిస్తూ "లాస్ట్ వీక్ రావాల్సింది" అన్నాడు. కాఫీ పోసిన అమ్మాయీ అదే అంది. బోస్టన్‌లో ఉన్న మా ఫ్రెండ్ అయితే ఫోన్‌లో మా మాట పూర్తిగా వినకముందే అనేసింది. ఆ ముందు వారం వచ్చినవాళ్ళకి వీళ్ళే "ఇంకో వారం ఆగాల్సింది" అని చెప్పి ఉంటారని నాకు గట్టి అనుమానం.

మొదటి మజిలీ వెర్మాంట్. ఆ రాష్ట్రంలో 1968లోనే రోడ్ల పక్కన హోర్డింగులు పెట్టకూడదని చట్టం చేసేశారు. వందల మైళ్ళు పోయినా కొండలూ చెట్లూ తప్ప ఇంకేం కనిపించవు. మొదటి గంట బాగానే ఉంది, తర్వాత నాకు టెన్షన్ మొదలైంది. ఒక్క ఫ్లెక్సీ లేకుండా ఇక్కడి ఎమ్మెల్యేల పుట్టినరోజులు జనానికి తెలిసేదెలా? యువనాయకుడెవరో, ఆయన వెనక స్టాంపు సైజు ఫొటోల్లో ఉన్న నలభై మంది ఎవరో తెలియకుండా ఓటరు నిర్ణయం తీసుకునేదెలా? యాభై ఏళ్ళకి పైగా ఈ ప్రజలు ఇలాంటి చీకట్లో బతుకుతున్నారు, అడిగే నాథుడు లేడు.

వెర్మాంట్‌లోనే పామ్‌ఫ్రెట్ అని చిన్న ఊరుంది. అక్కడి ఒక పొలం ఫొటోల్లో ఎంత అందంగా పడుతుందంటే, 2023లో ఆ రోడ్డుని సీజన్ మూడు వారాలూ బయటివాళ్ళకి మూసేశారు. వచ్చినవాళ్ళు రోడ్డుకడ్డంగా కార్లు ఆపడం, గేట్లు దాటి లోపలికి పోవడం, బట్టలు మార్చుకోడానికి చిన్న గుడారాలు కూడా తెచ్చుకోవడం చేశారట. చదివి సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఆ గుడారాలు ఎక్కడ దొరుకుతాయో వెతికాను. ఎందుకంటే నా పెట్టెలో ఆకుపచ్చ గద్వాల్ చీర ఉంది. ఎరుపు మీద ఆకుపచ్చ కొట్టొచ్చినట్టు ఉంటుందని మూడు వారాలు ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. గుడారం టైమ్‌కి రాలేదు, మోటెల్ గదిలోనే చీర కట్టుకుని, దాని మీద మోకాళ్ళ దాకా జాకెట్ వేసుకుని, కింద బూట్లతో కారెక్కాను. న్యూ హ్యాంప్‌షైర్‌లో ఆ పొద్దున 42 డిగ్రీల ఫారెన్‌హీట్. మన లెక్కలో ఐదూ ఆరూ.

ఇక అసలు క్షేత్రం. లింకన్ నుంచి కాన్వే దాకా వైట్ మౌంటెన్స్ మధ్యలోంచి పోయే 34.5 మైళ్ళ రోడ్డు, పేరు క్యాంకమాగస్ హైవే. ఒకప్పుడు ఆ నేలని ఏలిన పెనాకుక్ తెగ నాయకుడి పేరు అది. మా ఆయన మొదటి రోజు నుంచీ దాన్ని "కంచంమాగాయ" అనే అన్నారు, చివరికి నాకూ అదే నోటికొచ్చి ఒక రేంజర్ దగ్గర అనేశాను. ఆ రోడ్డు మీద గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోల్ బంకు, ఒక్కటీ ఉండదు. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల సున్నా.

ఇక్కడ కాస్త వృక్షశాస్త్రం అవసరం. ఆకులో పసుపు రంగు అక్టోబర్‌లో కొత్తగా రాదు. కెరోటినాయిడ్లనే ఆ రంగులు ముందునుంచీ అందులోనే ఉంటాయి, పత్రహరితం వాటిని కప్పేసి ఉంచుతుంది, అంతే. పొద్దు కురచై, చలి పడి, చెట్టు పత్రహరితం తయారుచేయడం మానేశాక ఆకు అసలు రంగు బయటపడుతుంది. ఎరుపు కథ వేరు. యాంథోసయనిన్లంటారు, ఆకులో ఇరుక్కుపోయిన చక్కెరతో అప్పటికప్పుడు తయారవుతుంది. పగలు ఎండ, రాత్రి చలి ఉంటే ఇంకా చిక్కగా వస్తుంది.

మొగుళ్ళకి ఫోన్ సిగ్నలే పత్రహరితం. లింకన్ దాటిన కాసేపటికి అది పోయింది. జీపీఎస్‌లో నీలం చుక్క గిలగిలా కొట్టుకుని ఆగిపోయింది. ఆయన కారు పక్కకి తీసి, ఫోన్ అద్దానికి ఎత్తి పట్టుకుని, "ఇప్పుడెటు?" అన్నారు. ఉన్నది ఒకటే రోడ్డు. ముందుకి పోతే కాన్వే, వెనక్కి పోతే లింకన్. "ఏవండీ, అందరూ అటే పోతున్నారు కదా" అన్నాను. "అందరూ పోతున్నారని మనమూ పోతామా?" అన్నారు, అందరూ పోతున్నారనే ఆరు గంటలు డ్రైవ్ చేసి వచ్చిన మనిషి. ఆ మొండితనం పెళ్ళినాటి నుంచీ ఉన్న పసుపే, మ్యాప్ లేక బయటపడింది. ఎరుపు మాత్రం నాది. అప్పటికప్పుడు తయారైంది, చలికి ఇంకా చిక్కబడింది.

ఇంతలో ట్రాఫిక్. నలభై నిమిషాలు ఒకే కారు వెనక నిలబడ్డాం. దాని నంబర్ ప్లేట్ మీద న్యూ హ్యాంప్‌షైర్ నినాదం: "స్వేచ్ఛగా బతుకు, లేదా చావు". ఈ ప్లేట్లు తయారుచేసేది ఆ రాష్ట్రపు జైల్లో ఖైదీలు. పెద్దవాళ్ళకి సీటు బెల్టు తప్పనిసరి చేయని ఒకే ఒక్క రాష్ట్రం కూడా ఇదే, అంటే నినాదంలోని రెండు సదుపాయాల్నీ ప్రభుత్వం నిజాయితీగానే అందిస్తోంది.

అసలు ఘట్టం పార్కింగ్‌లో జరిగింది. ఫారెస్టు వాళ్ళ పార్కింగుల్లో రోజుకి ఐదు డాలర్లు కట్టాలి. కట్టించుకునే మనిషి ఉండడు. ఒక ఇనుప గొట్టం ఉంటుంది, పక్కన కవర్లు ఉంటాయి. కవర్లో డబ్బు పెట్టి, మీద కారు నంబర్ రాసి, అంచున ఉన్న చీటీ చింపుకుని కారు అద్దానికి తగిలించుకుని, కవర్ని ఆ గొట్టంలో వేసేయాలి. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సాక్షాత్తూ హుండీ! దర్శనానికి వచ్చామన్న నమ్మకం అప్పుడు కుదిరింది. చిక్కేమిటంటే మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఇరవై డాలర్ల నోటు. ఫోన్‌లో కడదామంటే సిగ్నల్ లేదు. మా ఆయన చుట్టూ చూసి, మనవాడిలా కనిపించిన ఒకతని దగ్గరికి వెళ్ళి "అన్నా, ఇరవైకి చిల్లరుందా?" అన్నారు. అతను తన చేతిలో ఇరవై చూపించి "నేనూ అదే అడుగుదామని మీ వైపే వస్తున్నా అన్నా" అన్నాడు. ఇద్దరూ ఆ గొట్టం ముందు కాసేపు మౌనంగా నిలబడ్డారు. "పోనీ వేసేయండి" అన్నాను. "పదిహేను డాలర్లు!" అన్నారు. హుండీలో చిల్లర తీసుకున్నవాడు ఎవడైనా ఉన్నాడా? కళ్ళు మూసుకుని వేసేశారు.

ఆ క్షణం నుంచీ మా యాత్ర స్వరూపమే మారిపోయింది. ఆ చీటీ రోజంతా చెల్లుతుంది. ఇరవై డాలర్ల ఆకులు చూసే దాకా ఆయన వెనక్కి రానన్నారు. సాబడే జలపాతం, రాకీ గార్జ్, హ్యాన్‌కాక్ ఓవర్‌లుక్, షుగర్ హిల్ ఓవర్‌లుక్, ఇంకా పేరు లేని మలుపులు ఎన్నో. ప్రతిచోటా దిగడం, నడుం మీద చేతులు పెట్టుకుని ఒక కొండంత ఎరుపుని లెక్కలాడిటర్‌లా చూడటం, "ఇంకా పదకొండు డాలర్లు రావాలి" అనడం. గంటలో దాటాల్సిన రోడ్డుకి ఆరు గంటలు పట్టింది. పులిహోర డబ్బా మధ్యలోనే అయిపోయింది.

ఫొటో గురించి క్లుప్తంగా చెప్తాను, తలుచుకుంటే ఇప్పటికీ మెడ నొప్పి. నేను ఆకులు పైకి ఎగరేసి, అవి పడుతుండగా ఏమీ తెలియనట్టు నవ్వాలి. సహజంగా. ఇలా పద్నాలుగుసార్లు. మూడోసారి ఆకులతో పాటు ఒక పుల్ల వచ్చి నెత్తిన పడింది, ఏడోసారి గద్వాల్ జరీ అంచుకి ఏదో బంక అంటుకుంది, పదోసారికి చేతులు కొంకర్లు పోయి ఆకులు పైకి లేవనే లేదు. వెనక ఓపిగ్గా నిలబడ్డ ముసలి అమెరికన్ జంట ఒకటి "మీ ఇద్దరిదీ తియ్యమంటారా?" అని అడిగి తీశారు. పదిహేను ఫొటోల్లో బాగా వచ్చింది అదొక్కటే. అందులో మా ఆయన తల సగమే ఉంది. డీపీకి అదే పెట్టాను.

రాత్రి మోటెల్‌కి చేరాక వైఫై దొరికి కాకినాడకి వీడియో కాల్ చేశాం. అక్కడ తెల్లవారుతోంది, అత్తయ్య వాకిట్లో ఉన్నారు. మా ఆయన ఆ రోజు తీసిన కొండలన్నీ ఒక్కొక్కటీ చూపించారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసి, "అయ్యో, అన్ని చెట్లూ ఎండిపోతున్నాయే, నీళ్ళు పోసేవాళ్ళు లేరా నాన్నా?" అన్నారు. ఇది జబ్బు కాదనీ, దీన్ని చూడటానికే లోకం నలుమూలల నుంచీ వస్తారనీ ఆయన చెప్పారు. ఆవిడ కాసేపు ఆగి, "మన బాదం చెట్టు కూడా ఏడాదికి రెండుసార్లు ఇంతే ఎరుపెక్కి రాలుస్తుంది, ఊడవలేక నా నడుం పోతోంది. ఎవరైనా చూడటానికి వస్తే ఓ చీపురు తెచ్చుకోమను" అని ఫోన్ చెట్టు వైపు తిప్పారు. నిజంగానే ఎర్రగా ఉంది. మా ఆయన వెంటనే టాపిక్ మార్చేశారు.

మర్నాడు ఫ్రాంకోనియా నాచ్ అనే కనుమలో కొండ ముసలాయన్ని చూశాం. అంటే, చూడలేదు. కొండ అంచున మనిషి ముఖంలా కనిపించే ఆ రాయి 2003 మే 3న ఊడి కింద పడిపోయింది. మూలవిరాట్టు లేకపోయినా క్షేత్రం నడుస్తూనే ఉంది: రోడ్డు బోర్డుల మీద ఆ ముఖమే, నంబర్ ప్లేట్ల మీదా ఆ ముఖమే. ఉక్కు కడ్డీలు పాతి, మన ఎత్తుకి తగ్గ గుర్తు మీద నిలబడి ఒక కన్ను మూసి చూస్తే ఆ ముఖం మళ్ళీ కొండకి అతికినట్టు కనిపించే ఏర్పాటు కూడా చేశారు. మా ఆయనకి కనిపించింది. నాకు కనిపించలేదు. బయటికి చెప్పకుండా నేనూ దండం పెట్టాను. వేరేవాళ్ళ ఎత్తు మీద నిలబడ్డానని తర్వాత తెలిసింది.

మౌంట్ వాషింగ్టన్ మాత్రం ఎక్కలేదు. 1934లో ఆ శిఖరం మీద గాలి గంటకి 231 మైళ్ళ వేగంతో వీచిందని బోర్డు మీద చదివాక పట్టుచీర కట్టుకున్న ఏ ఆడదీ ఎక్కదు. ప్రసాదంగా మేపుల్ సిరప్ కొన్నాం. నలభై గ్యాలన్ల చెట్టు రసం మరగబెడితే ఒక్క గ్యాలన్ వస్తుందని కొట్టువాడు చెప్పాడు. ధర విన్నాక మా ఆయన దాన్ని నలభైతో మనసులో రెండుసార్లు భాగించి, అన్నిటికన్నా చిన్న సీసా తీసుకున్నారు. ఇడ్లీలోకి బాగోలేదు.

ఎడిసన్‌కి వచ్చి మూడు నెలలైంది. ఆకులు లేవు, మంచు పడుతోంది. పార్కింగ్ చీటీ మాత్రం ఇంకా కారు అద్దానికే వేలాడుతోంది. ఆఫీసుకి పోయినా అదే, గుడికి పోయినా అదే. మొన్న తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండనీ. ఇంకా నాలుగు డాలర్లు రావాలి."